ఎఫ్-150తో క్యాంపర్ లాగితే అసలు మైలేజ్ ఎంత వస్తుంది?

ముందు అంకె చెప్పేస్తాను. వెనక ఏమీ లేకుండా హైవే మీద గ్యాలన్‌కి 21 మైళ్లు ఇచ్చే మా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్, క్యాంపర్ (వెనక కట్టి లాగే, లోపల ఉండటానికి వీలున్న ట్రైలర్) తగిలించగానే తొమ్మిది, తొమ్మిదిన్నరకి వచ్చేస్తుంది. అన్నీ కలిసొచ్చిన రోజున పది దాటుతుంది. గాలి ఎదురు తిరిగితే ఏడున్నర. ఇండియాలో ఉండి చదివేవాళ్లకి మన లెక్కలో చెప్పాలంటే, లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చే బండి నాలుగు ఇస్తుందన్నమాట.

బండి 2021 మోడల్. 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్, రెండు టర్బోలు, పది గేర్ల ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, 36 గ్యాలన్ల ట్యాంక్. 400 హార్స్‌పవర్, 500 పౌండ్-ఫీట్ టార్క్ కాబట్టి లాగే సత్తా గురించి బెంగ లేదు. క్యాంపర్ 24 అడుగులది. బట్టలు, వంట సామాను, నీళ్లు, ప్రొపేన్ అన్నీ ఎక్కాక ఆరు వేల పౌండ్ల పైన ఉంటుంది. ఇది కంపెనీ కాగితం మీద ఉన్న బరువు కాదు, ట్రక్ స్టాప్‌లో కాటా మీద పెట్టి తూచిన బరువు. మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన. టెక్సాస్ స్టేట్ పార్కులు, న్యూ మెక్సికో, కొలరాడో, ఎక్కువగా ఇవే మా దారులు. కొన్నేళ్లుగా ఎండాకాలం, చలికాలం అని చూడకుండా లాగుతున్నాం కాబట్టి ఇక్కడ రాసేదంతా వాడి చూసిందే.

బండి కొనేటప్పుడు అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద సిటీలో 18, హైవేలో 23 అని ఉంటుంది. ఎన్ని వేల పౌండ్లు లాగగలదో బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉంటుంది. లాగేటప్పుడు మైలేజ్ ఎంతో మాత్రం ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఆ అంకెలిచ్చే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ట్రైలర్ తగిలించి పరీక్ష చేయదు. ఎఫ్-250 లాంటి పెద్ద ట్రక్కులకైతే ఆ మామూలు మైలేజ్ అంకె కూడా ఉండదు, లోడుతో కలిపి గరిష్ఠ బరువు 8,500 పౌండ్ల పైబడిన పికప్పులకి ఆ లేబుల్ అవసరం లేదు కాబట్టి. అందుకే ఇలా వాడినవాళ్లు రాసేదే దిక్కు.

కొత్తగా క్యాంపర్ కొనబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎంత బరువు?" అనే. బరువు చూడాల్సిందే, బ్రేకులకి, హిచ్‌కి (ట్రైలర్ తగిలించే కొక్కెం), బండి ఎంత బరువు మోయగలదో చెప్పే, డ్రైవర్ తలుపు దగ్గరున్న పసుపు పేలోడ్ స్టిక్కర్‌కి అది ప్రాణం లాంటిది. కానీ మైలేజ్‌ని తినేది బరువు కాదు, గాలి. ఈ మాట నాకు రూఢిగా తెలిసింది ఒక స్నేహితుడి ట్రాక్టర్ వల్ల. సెలైనా అనే ఊరు దాటాక కొంచెం భూమి కొని కూరగాయలు వేస్తున్నాడు. అతని చిన్న ట్రాక్టర్‌ని రిపేరుకి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా మా బండికే ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ తగిలిస్తాం. ట్రాక్టర్, ముందు లోడర్, ట్రైలర్ కలిపి బరువు దాదాపు మా క్యాంపర్ అంతే. మైలేజ్ మాత్రం పదమూడు పైనే. అదే బండి, అదే బరువు, అదే వేగం. తేడా అల్లా ఫ్లాట్‌బెడ్‌కి మొహం లేదు. క్యాంపర్‌కి ఎనిమిది అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల ఎత్తున్న మొహం ఉంది. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లెవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

గాలి ఎక్కడ కొడుతోందో కళ్లారా చూడాలంటే ఎండాకాలం రాత్రి ప్రయాణం అయ్యాక క్యాంపర్ ముందు గోడని చూడండి. కింది సగం, అంటే ట్రక్ క్యాబిన్ చాటున ఉన్న భాగం, కాస్త దుమ్ము తప్ప శుభ్రంగా ఉంటుంది. క్యాబిన్ పైకప్పు ఎత్తు దాటిన దగ్గర నుంచి పై అంచు దాకా ఒక పట్టీలాగా పురుగులు చితికి అతుక్కుని ఉంటాయి. గీత గీసినట్టుంటుంది. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే అంత గ్యాస్ (అంటే పెట్రోల్) ఖర్చని నా లెక్క. ముందు భాగం గుండ్రంగా తిరిగి, ఎత్తు తక్కువున్న క్యాంపర్లు లాగేవాళ్లకి నాకన్నా మైలు, రెండు మైళ్లు ఎక్కువ రావడానికి కారణం ఇదే. కొనేటప్పుడు లోపల సోఫా, కిచెన్ చూసే ముందు నాలుగడుగులు వెనక్కి నిలబడి ఆ మొహాన్ని చూడమని అందరికీ చెబుతాను.

ఇక వేగం. గాలి అడ్డు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 63 మైళ్ల మీద వెళ్లేవాడు 72కి వెళితే వేగం పెరిగేది ఏడో వంతే, గాలి అడ్డు పెరిగేది ముప్పై శాతం. మా బండిలో అది సూటిగా కనిపిస్తుంది. గాలి లేని రోజున 60 దగ్గర పది దాటుతుంది, 65 దగ్గర తొమ్మిదిన్నర, 70 దాటితే ఎనిమిది. టెక్సాస్‌లో చాలా హైవేల మీద 75 వరకు వెళ్లొచ్చు, ట్రైలర్ ఉన్నా సరే. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగేవాళ్లకి చట్టమే 55 అంటుంది. వెళ్లొచ్చు కదా అని వెళ్లడానికి ఇంకో అడ్డం కూడా ఉంది. చాలా క్యాంపర్ల టైర్లు 65 మైళ్ల వేగానికే రేట్ చేసి ఉంటాయి. టైరు పక్కన ఉన్న స్పీడ్ లెటర్ చూసుకోకుండా 75లో లాగడం మైలేజ్ సంగతి కాదు, ప్రాణాల సంగతి.

నేను 63 దగ్గర స్థిరపడ్డాను. కుడి లేన్‌లో, పెద్ద ట్రక్కులకి కాస్త వెనక. డాలస్ నుంచి అమరిల్లో అనే ఊరికి సుమారు 360 మైళ్లు. 72లో వెళితే నలభై నిమిషాలు ముందు చేరాలి, కానీ గ్యాస్ కోసం ఇంకోసారి ఆగాల్సి వస్తుంది. ట్రైలర్‌తో ఆగడమంటే ఇరవై నిమిషాల తక్కువ కాదు, పిల్లలుంటే అరగంట. ఆదా అయిన టైమంతా అక్కడే పోతుంది.

ఈ అమరిల్లో దారి, అంటే 287 నంబరు హైవే, మైలేజ్ గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా వెళుతుంటే చూడ్డానికి అంతా బల్లపరుపే. కానీ డాలస్ సుమారు 430 అడుగుల ఎత్తులో ఉంటే అమరిల్లో 3,600 అడుగుల్లో ఉంది. తెలియకుండానే మూడు వేల అడుగులు ఎక్కుతాం. మైలేజ్ పడిపోతే "ఎక్కుడు దారి కదా" అని సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. లెక్క వేసి చూస్తే బండి, క్యాంపర్ కలిపి పన్నెండు వేల పౌండ్లని అంత ఎత్తుకి ఎక్కించడానికి పట్టేది ఒకటిన్నర గ్యాలన్లు. మొత్తం దారికి నలభై గ్యాలన్లు తాగితే అందులో ఎక్కుడు వాటా అంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం గాలిదే.

ఆ గాలి కూడా మామూలుది కాదు. అమరిల్లో ఉన్న టెక్సాస్ ఉత్తరపు కొస, అంటే పాన్‌హ్యాండిల్ మొత్తం గాలిమరలు పాతి ఉన్నది ఊరికే కాదు. గంటకి ఇరవై మైళ్ల ఎదురుగాలి ఉందంటే, 60లో వెళుతున్న బండి 80లో వెళితే ఎంత గాలిని తోయాలో అంత తోస్తుంది. నా ఏడున్నర అంకె వచ్చింది అలాంటి రోజునే. ఆ గాలిమరలే మనకి సాయం కూడా చేస్తాయి. వాటి రెక్కలు ఎప్పుడూ గాలికి ఎదురు తిరిగి ఉంటాయి. కాబట్టి దూరంగా కనిపించే మరలు మనకి వీపు పెట్టి ఉంటే గాలి మనం వెళ్లే వైపు నుంచి వస్తోందని అర్థం. మొహం పెట్టి ఉంటే వెనకగాలి, ఆ రోజు పండగే. పక్కకి తిరిగి ఉంటే పక్కగాలి. పక్కగాలి వల్ల నష్టం ఉండదనుకుంటారు గానీ, క్యాంపర్ పక్కగోడ అంతా దానికి దొరుకుతుంది కాబట్టి అర మైలు, మైలు అదీ తినేస్తుంది, స్టీరింగ్ పట్టుకున్న చేతులు కూడా అలిసిపోతాయి. చలిగాలి కమ్ముకొచ్చే రోజున ఉత్తరం వైపు బయల్దేరే బదులు ఒక పూట ఆగి వెళ్లడం వల్ల మిగిలినంత గ్యాస్ ఇంకే చిట్కా వల్లా మిగల్లేదు.

కొండల గురించి భయపడేవాళ్లకి ఒక మాట. న్యూ మెక్సికో నుంచి కొలరాడోలోకి దిగే రాటన్ పాస్ అనే కనుమ ఎత్తు 7,834 అడుగులు. తిరుగు ప్రయాణంలో కొలరాడోలోని ట్రినిడాడ్ వైపు నుంచి ఎక్కుతుంటే డ్యాష్ మీద అప్పటికప్పుడు కనిపించే మైలేజ్ నాలుగుకి పడిపోతుంది, ఇంజన్ గట్టిగా మూలుగుతుంది, పక్కన కూర్చున్న మా ఆవిడకి టెన్షన్ మొదలవుతుంది. కానీ ఆ ఎక్కుడు మొత్తానికి అదనంగా పట్టేది ఒక గ్యాలన్ లోపే. అటు దిగేటప్పుడు దాదాపు ఏమీ తాగదు. రోజు చివర లెక్క చూస్తే ఎదురుగాలి ఉన్న బల్లపరుపు నేల కంటే కొండ దారే నయం. అంతకన్నా ఆశ్చర్యం, పైకి వెళ్లాక మైలేజ్ పెరుగుతుంది. గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర అలమోసా చుట్టుపక్కల నేల ఏడున్నర వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. సముద్ర మట్టంతో పోలిస్తే అక్కడ గాలి ఐదో వంతు పలచన, అడ్డూ అంత తక్కువే. దానికి తోడు రోడ్ల మీద వేగం కూడా తక్కువ. అక్కడ పదకొండు చూశాను. మామూలు ఇంజన్ ఆ ఎత్తులో నీరసపడుతుంది, టర్బో ఉంది కాబట్టి మాకు ఆ తేడా పెద్దగా తెలియలేదు.

ట్రైలర్ లాగడానికని బండిలో ఉండే టో/హాల్ మోడ్ తప్పకుండా వేసుకోండి. గ్యాస్ ఎక్కువ తాగుతుందని కొందరు ఆపేస్తారు. అది పది గేర్ల మధ్య అటూ ఇటూ వెతుక్కోవడాన్ని తగ్గిస్తుంది, దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచుతుంది. నాకు మైలేజ్‌లో తేడా కనిపించలేదు, బ్రేకుల అరుగుదలలో చాలా కనిపించింది. ఎగుడుదిగుడు నేల మీద మాత్రం క్రూజ్ కంట్రోల్ తీసేస్తాను. క్రూజ్ ఉంటే ప్రతి చిన్న మిట్టకీ వేగం తగ్గనివ్వకుండా టర్బోలని పూర్తిగా ఊదిస్తుంది. కాలుతో నడిపితే మిట్ట మీద నాలుగైదు మైళ్లు తగ్గనిచ్చి దిగుడులో తిరిగి అందుకోవచ్చు. టర్బో గట్టిగా ఊదే ప్రతి నిమిషం గ్యాస్ ధారగా పోతుంది.

ఇక 87 ఆక్టేన్ గ్యాస్ పోయాలా, 93 పోయాలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. ఫోర్డ్ మాన్యువల్‌లో ట్రైలర్ లాగడం లాంటి బరువు పనికి 91 లేదా పైన వాడమనే ఉంది. టెక్సాస్ జూలై ఎండలో 93తో బండి నిశ్చింతగా లాగుతుంది, మిట్టల మీద గేరు మార్చడం తగ్గుతుంది. మైలేజ్‌లో మాత్రం అర మైలు తేడా వస్తే గొప్ప. గ్యాలన్‌కి ఎక్కువ పెట్టే డబ్బు ఆ అర మైలుతో తిరిగి రాదు. నేను ఎండాకాలంలో, కొండల్లో 93 లేదా 91 పోస్తాను, చలికాలంలో దగ్గరి పార్కులకి 87. కొలరాడోలో జాగ్రత్త, అక్కడ రెగ్యులర్ అంటే 85. ఈ ఇంజన్‌కి అది వద్దు.

క్యాంపర్ నీళ్ల ట్యాంక్ ఖాళీగా తీసుకెళితే, 40 గ్యాలన్లకి 330 పౌండ్ల పైన బరువు తగ్గుతుంది. హైవే మైలేజ్‌లో మాత్రం అది కనిపించదు. ట్రక్ బెడ్ (వెనక సామాను తొట్టి) మీద కవర్ వేసినా, వేయకపోయినా వెనక క్యాంపర్ ఉన్నప్పుడు ఏ తేడా లేదు. గ్యాస్‌లో కలిపే సీసాల మందుల మీద డబ్బు పెట్టొద్దు. టైర్లలో గాలి మాత్రం బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, ట్రక్‌వి, ట్రైలర్‌వి రెండూ.

డ్యాష్ మీద కంప్యూటర్ చూపించే అంకె మా బండిలో ఎప్పుడూ కొంచెం ఎక్కువే, తొమ్మిదిన్నర వస్తే పది అంటుంది. అందుకే నాజిల్ టప్పున ఆగిన దగ్గర నింపడం ఆపి, నడిచిన మైళ్లని పోసిన గ్యాలన్లతో భాగించి ఫోన్‌లో రాసుకుంటాను. పక్కన గాలి ఎటు ఉందో కూడా ఒక ముక్క. ఆ ముక్క లేకపోతే అంకెకి అర్థం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ట్యాంక్ గురించి. 26 గ్యాలన్ల ట్యాంక్ ఉన్న బండిని తొమ్మిది మైళ్లతో లాగితే మొత్తం 230 మైళ్లు. అడుగంటే దాకా ఆగలేం కాబట్టి 180కే బంక్ వెతుక్కోవాలి. 36 గ్యాలన్లతో నిశ్చింతగా 260, 270 వెళ్లొచ్చు. చిన్న ఊళ్లలో బంక్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ట్రక్, క్యాంపర్ కలిపి దాదాపు నలభై ఐదు అడుగుల పొడవుతో లోపలికి వెళ్లి, వెనక్కి తిప్పకుండా బయటికి రాగలగాలి. పెద్ద ట్రక్కుల లేన్లు విశాలంగా ఉంటాయి గానీ అక్కడ దొరికేది డీజిల్. కాబట్టి ట్రైలర్ పట్టే బంకు మనకి నచ్చిన చోట ఉన్నప్పుడు ఆగాలి, ట్యాంక్ ఖాళీ అయిన చోట కాదు. ఆ స్వేచ్ఛ ఇచ్చేది పెద్ద ట్యాంక్ ఒక్కటే.

మా బావమరిదికి 3.0 లీటర్ల డీజిల్ సిల్వరాడో ఉంది. మా అంత క్యాంపరే లాగుతాడు, పన్నెండు దాకా వస్తుంది. నెలకి రెండు మూడుసార్లు దూరాలు లాగేవాళ్లైతే అది చూడండి, డీజిల్ ధర తేడా కూడా లెక్కలో వేసుకుని. ఎఫ్-150లోనే ఎలక్ట్రిక్ రకమైన లైట్నింగ్‌కి క్యాంపర్ తగిలిస్తే రేంజ్ సగానికి సగం పడిపోతుంది. కారణం అదే, ఆ మొహానికి తగిలే గాలి. మేం ఏడాది మొత్తంలో ట్రైలర్ లేకుండా తిరిగేదే ఎక్కువ, అప్పుడు 20 పైన ఇస్తున్న ఈ ఎకోబూస్ట్‌తో నాకు ఏ అసంతృప్తీ లేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే ఇంజన్, ఇదే ట్యాంక్ తీసుకుంటాను. మార్చేది క్యాంపర్‌ని. ఒక అడుగు ఎత్తు తక్కువున్నది, ముందు భాగం గుండ్రంగా ఉన్నది కొంటాను.