స్మారక మందిరంలో తామర: పింగాణీయా, సెలడానా, ఉత్త మట్టా?

బౌద్ధ స్మారక మందిరానికి సిరామిక్ తామరలు కావాలనగానే అందరి నోటా ముందు వచ్చే మాట "తెల్ల పింగాణీ". తెలుపంటే స్వచ్ఛత, తామరంటే స్వచ్ఛత, ఇక ఆలోచించడానికేముంది అన్నట్టు. నాకు ఆ తొందర నచ్చదు. అక్కడుండేవి చనిపోయినవాళ్ల పేర్ల పలకలు, అస్థికల పాత్రలు, దీపాలు, అగరుపొగ. వచ్చేది ఏడ్చి అలిసిపోయిన మనుషులు. వాళ్ల కళ్లకు ఏది హాయి, ఆ పొగకు ఏది నిలుస్తుంది అన్నది ముందు చూడాలి. రంగు లెక్క ఆ తర్వాత.

ఉత్త మట్టి సంగతి త్వరగా తేల్చేస్తాను. బురదలో పుట్టే పువ్వును మట్టితోనే చేసి, పైన ఏ పూతా లేకుండా వదిలేయడం, వినడానికి ఎంత బాగుందో! నేనూ మొదట దానికే ఓటేశాను. కానీ ఎర్రమట్టి సుమారు 1000 డిగ్రీల దగ్గర కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుందే కానీ సన్నసన్న రంధ్రాలు పూడిపోవు. నేను చేసిన ఒక రేకును దీపం పక్కన కొన్నాళ్లు ఉంచి చూశాను. నూనె చుక్క పడ్డచోట రూపాయి బిళ్లంత మచ్చ తేలింది. సబ్బునీళ్లతో తోమితే అది ఇంకా పరుచుకుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవదని మనమే సామెతలా చెప్పుకుంటాం. అలాంటి మొక్క బొమ్మను మసీ నూనే పీల్చుకునే మట్టితో చేస్తే చెప్పదలిచినదానికి సరిగ్గా ఎదురు చెప్పినట్టే. దీపాలకు దూరంగా, బయటి గోడకైతే సరే. లోపలికి వద్దు.

పింగాణీని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. తెల్ల తామరకు మన భాషలో పుండరీకమని వేరే పేరే ఉంది, సద్ధర్మపుండరీక సూత్రమనే మహాయాన బౌద్ధ గ్రంథం పేరులో ఉన్నది ఆ పువ్వే. ఇక చైనాలో ఫుజియాన్ వైపు దెహువా మట్టిలో ఇనుము చాలా తక్కువ, అందుకే అక్కడి పింగాణీ మీగడ తెలుపులో వస్తుంది. మింగ్ రాజుల కాలంలో హ చావోజోంగ్ అనే శిల్పి ఆ మట్టితోనే, అవలోకితేశ్వరుడనే బోధిసత్వుడి చైనా రూపమైన గ్వాన్‌యిన్ బొమ్మలు చేశాడు. వాటిలో బట్ట మడతలు చూస్తే అది గట్టి పదార్థమంటే నమ్మబుద్ధి కాదు. పల్చటి పింగాణీ రేకు వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి దిగుతుంది. ఆ ఒక్క గుణం మిగతా రెండింటికీ లేదు.

మరి చిక్కెక్కడ? పింగాణీ 1300 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది, నూటికి పన్నెండు పాళ్లో ఇంకా ఎక్కువో కుంచించుకుపోతుంది. విప్పారిన పువ్వులో రేకుకు ఆసరా ఉండదు కాబట్టి ఆవంలోనే తల వాల్చేస్తుంది. సరే, ఆరితేరిన పనివాళ్లు దాన్నీ గెలుస్తారు. అసలు బాధ గోడ నిండా పెట్టినప్పుడు తెలుస్తుంది. మెరిసే తెల్ల గ్లేజ్ (గాజులాంటి పూత) మీద ప్రతి దీపమూ ఒక చుక్కై తళుక్కుమంటుంది. వంద రేకులుంటే వంద చుక్కలు. పువ్వు పోయి మెరుపు మిగులుతుంది. మాట కాస్త మోటుగా ఉన్నా చెప్పక తప్పదు, అది బాత్రూమ్ టైల్స్‌ను గుర్తుచేస్తుంది. బుద్ధుడి ముందు ఒక్క పింగాణీ పువ్వు చాలు. ఒక్కటే ఉంటే దాని విలువ దానికుంటుంది.

నా ఓటు సెలడాన్‌కు. గ్లేజ్‌లో కాస్త ఇనుము కలిపి, ఆవంలో గాలి సరిగ్గా ఆడకుండా చేసి కాలిస్తే వచ్చే బూడిదపచ్చ అది. దాని పనితనం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడాలి. రేకు మీద ఈనెలు గీసి గ్లేజ్ వేస్తే, కరిగిన గ్లేజ్ గీతల్లోకి దిగి మడుగు కడుతుంది, అక్కడ రంగు చిక్కబడుతుంది. అంచు దగ్గర పల్చబడి లేతగా మారుతుంది. కుంచె ముట్టకుండానే ఈనెలు, అంచు, లోతు వాటంతటవే తేలతాయి. కొరియాలో గొర్యో రాజుల కాలపు (10-14 శతాబ్దాల) కుమ్మరులు దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారో తెలిసిందే. చావుతో దీని చుట్టరికం కూడా పాతదే. చైనాలో హెబెయి రాష్ట్రంలో ఫెంగ్ కుటుంబం సమాధుల్లో 1948లో పచ్చ గ్లేజ్ పెద్ద కూజాలు దొరికాయి, 6వ శతాబ్దానివి. కింది సగం పైకి లేచిన రేకులు, పై సగం కిందికి వాలిన రేకులు. కూజా మొత్తం ఒక తామర. అస్థికల పాత్రకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

పచ్చ తామర ఎక్కడైనా ఉంటుందా అని అడుగుతారు. లేత మొగ్గ చూడండి, రేకుల మధ్య దుద్దు చూడండి. పైగా రంగుల పేచీ కూడా తప్పుతుంది. ఎరుపు కరుణకు, అవలోకితేశ్వరుడికి అంటారు. నీలం ప్రజ్ఞకు, మంజుశ్రీకి అంటారు. ఆ నీలోత్పలం అసలు తామరే కాదు, కలువ. ఆ తేడా మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదనుకోండి.

ఇక పదార్థం కంటే ఎక్కువ తలనొప్పి పెట్టేది: మొగ్గా, విప్పారిన పువ్వా? పేరు పలక పక్కన మొగ్గ పెడితే బాగుంటుందని చాలామందికి అనిపిస్తుంది, ఇంకా విచ్చుకోబోతోందని. కానీ అది సుఖావతిని, అంటే అమితాభ బుద్ధుడి పుణ్యలోకాన్ని, నమ్మేవాళ్ల మందిరమైతే ఆగి ఆలోచించాలి. అమితాయుర్ధ్యాన సూత్రం ప్రకారం అక్కడ పునర్జన్మ తామరలోనే, అందులో తొమ్మిది అంతస్తులు. పై అంతస్తుల్లోని పుణ్యాత్ముల పువ్వు ఒక రోజులోనే విచ్చుకుంటుంది. కింది మూడింటిలో పైదానికి 49 రోజులు, ఆ కిందిదానికి ఆరు కల్పాలు, అట్టడుగుదానికి పన్నెండు మహాకల్పాలు. ఈ లెక్క తెలిసిన కొడుకు వాళ్ల నాన్న పేరు పక్కన బిగుసుకున్న మొగ్గను చూస్తే ఏమనుకుంటాడు? అదే శ్రీలంక, థాయ్‌లాండ్ వైపు ఉండే థేరవాద శాఖ మందిరంలోనైతే జనం చేతుల్లో తెచ్చి అర్పించేదే మొగ్గ, అక్కడ ఎవరికీ తప్పు తోచదు.

అందుకే పేర్ల పక్కన సగం విచ్చిన సెలడాన్ తామరే పెడతాను. బయటి మూడు రేకులు వాలి, లోపలివి ఇంకా కలిసే ఉండాలి. కలిసి ఉన్న రేకులు ఒకదానికొకటి ఆసరా కాబట్టి ఆవంలోనూ వంగవు. దీపం మాత్రం ఎదురుగా వద్దు, కాస్త పక్కగా, కింద పెట్టాలి. అప్పుడే మొదట్లో మడుగు కట్టిన ఆ చిక్కటి పచ్చ కనబడుతుంది.