మూడేళ్ల సైఫన్, నలభై రూపాయల రింగు

నా కోపమంతా ఆ రింగు మీదే. సీసా మీద ఇప్పటికీ ప్రేమే.

క్రీమ్ సైఫన్ అంటే గ్యాస్ ఎక్కించి మీట నొక్కితే కేకు మీదికి క్రీమ్ పిండే సీసా. మా ఇంట్లో మూడేళ్లలో ఆ పనికి వాడింది నాలుగైదు సార్లు, అదీ పిల్లాడి పుట్టినరోజులకు. మిగతాదంతా మందుకు రుచి పట్టించడానికే. మామూలుగా జిన్‌లో మిరపకాయో, రమ్ములో శొంఠో ఊరబెట్టాలంటే జాడీలో వేసి రోజులు లెక్కపెట్టుకోవాలి. మూడో రోజు కలిపేదాకా ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ని, నాకు ఓపిక ఉండాలి నిజానికి. లేదు. ఈ సీసాలో ఆ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

కిటుకు నాది కాదు, న్యూయార్క్‌లో డేవ్ ఆర్నాల్డ్ అనే ఆయన 2010లో బయటపెట్టాడు. కాట్రిడ్జ్, అంటే చిన్న గ్యాస్ డబ్బా, బిగించి సీసాలోకి నైట్రస్ ఆక్సైడ్ ఎక్కించగానే ఆ ఒత్తిడికి గ్యాస్ మందులో కరుగుతుంది, మందు మిరపకాయ కండలోకి సందుసందునా దూరుతుంది. తర్వాత మీట నొక్కి గ్యాస్ మొత్తం ఒక్కసారిగా వదిలేస్తే, కరిగినదంతా లోపలే బుడగలై పొంగి ఆ రుచిని బయటికి తోసుకొస్తుంది. నెమ్మదిగా వదిలితే అంత బాగా రాదు. సోడా కోసం అమ్మే కార్బన్ డయాక్సైడ్ కాట్రిడ్జ్ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. పొరపాటున ఒకసారి అది ఎక్కించాను. నాలుక మీద పుల్లగా చురుక్కుమంది.

నాది అర లీటరు సీసా. వైన్ షాపులో ఇచ్చే హాఫ్, అంటే 375 మిల్లీలీటర్లు, గీత దాటకుండా పడుతుంది. నాలుగు బజ్జీ మిరపకాయల్ని గింజలూ లోపలి తెల్ల ఈనెలూ తీసేసి తరిగి వేస్తాను. 8 గ్రాముల కాట్రిడ్జ్ ఒకటి ఎక్కించి ఊపి, రెండోది ఎక్కించి మళ్లీ ఊపి, రెండు నిమిషాలు ఆగుతాను. తర్వాత సీసాను నిలువుగా పెట్టి, మూతి మీద స్టీలు గ్లాసు బోర్లించి మీట నొక్కాలి. గ్లాసు మర్చిపోతే ఏమవుతుందో మా వంటింటి సీలింగ్‌ను అడగండి. మూత తీశాక చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని సన్నగా వినిపిస్తుంది. అది తగ్గాక వడకట్టడమే. అప్పుడొచ్చే వాసన కత్తిపీట మీద ఇప్పుడే కోసిన మిర్చి వాసన. కారం మాత్రం గొంతు దాటాక, అదీ కొంచెంగా. నిమ్మరసం, కాస్త చక్కెర పాకం, చిటికెడు ఉప్పు, పక్కన సకినాలు. ఇంకేం కావాలి.

ఇక రింగు సంగతి. మూతకీ సీసాకీ మధ్య ఉండే సిలికాన్ గ్యాస్కెట్ అది. పోయిన వానాకాలం ఒక శనివారం సాయంత్రం బావమరిది తన ఫ్రెండ్స్ ఇద్దర్ని వెంటేసుకొచ్చాడు. "మా బావ రెండు నిమిషాల్లో మ్యాజిక్ చేస్తడు" అని దారంతా ఊదరగొట్టి మరీ తెచ్చాడట. మియాపూర్‌లో మా బాల్కనీ, బయట వాన, ముందు నలుగురు. మొదటి కాట్రిడ్జ్ బిగించాను. లోపలికి పోవాల్సిన గ్యాస్ సీసా మెడ దగ్గర్నుంచి స్స్‌మని బయటికే పోయింది. మెడ చుట్టూ తెల్లగా మంచు పట్టింది. మూత గట్టిగా తిప్పి రెండోది బిగించాను. అదీ అంతే. మూడోది బిగిస్తుంటే నా చేతులు వణికాయి, చల్లదనానికో టెన్షన్‌కో తెలీదు. బావమరిది కాసేపు చూసి, "బావా, గీ డబ్బా కన్నా మా ఊరి గోలీసోడా నయం, గ్యాస్ లోపలన్న ఉంటది" అన్నాడు. నిజమే. 1870ల్లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన చేసిన ఆ సీసాలోనూ మూతి దగ్గర రబ్బరు రింగే ఉంటుంది. లోపలి గ్యాస్ గోలీని దానికేసి నొక్కిపెడుతుంది, అంతే. నూటయాభై ఏళ్లుగా పని చేస్తోంది. నాది మూడేళ్లు కూడా రాలేదు.

విప్పి చూస్తే రింగుకు సన్నగా గాటు. కడిగినప్పుడల్లా దాన్ని చాకు మొనతో పైకి లేపేవాణ్ని, కాబట్టి సగం తప్పు నాదే. మిగతా సగం అమ్మినవాళ్లది. గ్యాస్కెట్ విడిగా రాదు, మూత మొత్తం కొనుక్కోండి అన్నారు. మూత ధర చెప్పాక నేను ఫోన్ పెట్టేశాను.

కుక్కర్ గ్యాస్కెట్ వదులైతే ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మా ఆవిడది. దీన్నీ పెట్టింది. ఒక్కసారి పనిచేసింది, రెండోసారి లేదు. చివరికి రాణీగంజ్ వెళ్లాను. రబ్బరు సామాన్ల కొట్లో పెద్దాయన పాత రింగును వేళ్ల మధ్య సాగదీసి చూసి, డబ్బా తెరవకముందే సైజు చెప్పేశాడు. మొదట ఇచ్చిన నల్లది సరిగ్గా పట్టింది గానీ జిన్ సైకిల్ ట్యూబు వాసన కొట్టింది. మళ్లీ వెళ్లి తెల్ల సిలికాన్‌ది తెచ్చాను. నలభై రూపాయలు. ఏడాదిగా అదే నడుస్తోంది. మీరూ ఇలాగే చేయండని మాత్రం అనను, ఎంతైనా ఒత్తిడి మీద ఉండే సీసా. 2017లో ఫ్రాన్స్‌లో ఇలాంటిదే పేలి ఒకామె చనిపోయారు. కొంటే ప్లాస్టిక్ మూతది కాకుండా మొత్తం లోహంతో చేసినదే కొనండి.

మొదటి ఏడాది కనపడ్డ ప్రతివాడికీ జాడీలు పారేయమని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ, మా ఇంట్లో రెండు జాడీలు మళ్లీ అటక దిగాయి. సైఫన్‌లో పైపై వాసనలు బాగా వస్తాయి. రమ్ములో శొంఠి ఘాటు అడుక్కంటా దిగాలంటే రోజులు పట్టాల్సిందే. మెత్తటి కాఫీ పొడి వేస్తే మూతి మూసుకుపోతుంది. మిరియాలు దంచకుండా వేస్తే దండగ. పైగా విడతకు రెండు కాట్రిడ్జ్‌లంటే దాదాపు ఒక సింగిల్ బిర్యానీ ఖర్చు. నెలకు రెండు శనివారాలు తాగే నాలాంటివాడికి గిట్టుబాటేమో గానీ, రోజూ పెగ్గు వేసుకునేవాళ్లకు చేతి చమురే.

అనుకోకుండా బాగా కుదిరింది పానకం. బెల్లం నీళ్లలో కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, యాలకులు వేసి అదే పద్ధతిలో చేసి వడకట్టాను. మిరియం ఘాటంతా ఉంది, గొంతులో గరగర లేదు. పానకంలో పుడక అనడానికి ఒక్క నలుసు లేదు. అమ్మ రెండు గ్లాసులు తాగింది. శ్రీరామనవమికి ఇలాగే చేద్దామా అంటే సీసాకేసి ఒకసారి చూసి, "ఇందుల మందు పోస్తవు గద కొడుకా" అంది. దేవుడికి పెట్టే పానకం ఎప్పటిలా బిందెలోనే కలిపింది.

అమ్మ కోసం ఇంకో సీసా కొనాలని ఉంది. దానికీ ఒక రింగు ఉంటుంది కదా, అదే ఆలోచన.