ఉచిత న్యాయ సహాయ కేంద్రం, బెంగళూరు: ఇంటి అడ్వాన్స్ గొడవలో మా అనుభవం

బెంగళూరులో ఒక కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రం గురించి రాస్తున్నాను. నచ్చనివి కూడా ఉన్నాయి కాబట్టి ఏ కోర్టో చెప్పడం లేదు. ఐదుకు నాలుగు స్టార్లు. ఆ నాలుగూ అక్కడి ఒక అమ్మాయి వల్ల వచ్చినవే.

మా ఇంట్లో పనిచేసే అక్కది కదిరి దగ్గర పల్లె. భర్త బేల్దారి పని చేస్తాడు. కేఆర్ పురం వైపు ఒక వఠారంలో గది తీసుకున్నారు. అద్దె 4,000, ఇక్కడి అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్స్ 40,000. ఖాళీ చేశాక ఓనరు పెయింటింగ్ అన్నాడు, గోడ రిపేరు అన్నాడు, అద్దె బాకీ అన్నాడు, పైసా ఇవ్వలేదు. అక్క అతని చుట్టూ రెండు నెలలు తిరిగింది. నేనూ లాయర్నే కానీ ఇక్కడ ప్రాక్టీసు లేదు, అందుకని తోడు వెళ్లాను.

మొదటి టేబుల్ దగ్గరున్నాయన కన్నడమూ కొంచెం తెలుగూ కలిపి గబగబా అడుగుతూ ఫారం నింపేశారు. గోడ పాడైందా? "ఔను సార్." పెయింటింగ్ డబ్బు పట్టుకుంటానని ఓనరు ముందే చెప్పాడా? "ఔను సార్." మూడు నెలల అద్దె బాకీనా? "ఔను సార్." ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఇక్కడ సంతకం పెట్టమ్మా అన్నారు.

నా గుండెల్లో రాయి పడింది. ఈ 'ఔను' నాకు బాగా తెలుసు. ఆస్ట్రేలియాలో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో నాలుగేళ్లు అక్కడి మూలవాసులైన అబోరిజినల్ ప్రజల సివిల్ కేసులు చూసే టీములో పనిచేశాను. జైలు, బెయిలు కేసులు మావి కావు. ఇంటి రిపేర్లు, సెంటర్‌లింక్ (ప్రభుత్వ భృతులు ఇచ్చే ఆఫీసు) అప్పు నోటీసులు, అర్థం కాకుండా సంతకం పెట్టిన ఫోన్ ప్లాన్లు, బర్త్ సర్టిఫికెట్లు. చేరిన మొదటి వారంలోనే సీనియర్లు చెప్పారు: తమది కాని భాషలో, తెలియని ఆఫీసులో అడిగితే మనిషి మర్యాద కోసమో, త్వరగా బయటపడదామనో 'యెస్' అంటాడు, దాన్ని జవాబుగా రాసుకోవద్దు అని. దుబాసీని పిలవాలి, ప్రశ్న మార్చి అడగాలి, ఆ తర్వాత మాట్లాడకుండా కూర్చోవాలి. ఈ చివరిది నాకు చాలా కష్టమైంది. అరంట అనే అక్కడి భాష మాట్లాడే ఒక అవ్వ జవాబు చెప్పే ముందు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసేది. ఆ కాసేపట్లో ఇంకో ప్రశ్న వేసి మొత్తం పాడు చేసేదాన్ని.

ఆలిస్‌కు 80 కిలోమీటర్ల దూరంలో సాంటా టెరీసా అనే ఊరుంది. అక్కడ ఇళ్ల ఓనరు ప్రభుత్వమే. 2016లో 70 ఇళ్లవాళ్లు రిపేర్ల కోసం కేసు వేస్తే ప్రభుత్వం అద్దె బాకీలు కట్టమని ఎదురు తిరిగింది. ఒకామె ఇంటికి 68 నెలలు వెనక తలుపే లేదు. ఆమె పడ్డ బాధకు పరిహారం ఇవ్వాల్సిందేనని 2023లో అక్కడి అత్యున్నత కోర్టు తేల్చింది. అప్పటికి ఆమె బతికి లేదు. ఓనర్లు గోడ రిపేరు అని లెక్క మొదలుపెడితే నాకు ఆ తలుపే గుర్తొస్తుంది.

సంతకం ఇప్పుడే వద్దండీ, తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆయన విసుక్కోలేదు, అది చెప్పాలి. లోపల్నుంచి ఒక పారా లీగల్ వాలంటీర్‌ని (లాయరు కాకపోయినా న్యాయ సహాయంలో శిక్షణ పొందినవాళ్లు) పిలిచారు. ముళబాగిలు అమ్మాయి, ఇంట్లో తెలుగే. ఫారం పక్కన పెట్టేసి, "అక్కా, ఆ ఇంట్లో చేరిన దినం నుంచి చెప్పు" అంది.

అక్క కాసేపు చెంగు నలుపుతూ ఊరుకుంది. తర్వాత, "మేం చేరేటప్పటికే గోడంతా చెమ్మ. పైన ట్యాంకు కారుతా ఉండె. మా ఆయన మూడుతూర్లు సిమెంటు పూసినాడు, ఆ దుడ్డూ మాదే" అంది. అద్దె బాకీ ఒక్క నెలే. పెయింటింగ్ మాట ఎవరూ అననే లేదు. ఇరవై నిమిషాల్లో కేసు తలకిందులైంది. ఆ అమ్మాయి పాత ఫారం చింపేసి కొత్తది రాసి, ఒక్కో లైనూ తెలుగులో చదివి వినిపించింది.

1970లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో మొదటి అబోరిజినల్ లీగల్ సర్వీస్ మొదలైనప్పటి నుంచీ లాయర్లకు తోడుగా ఆ జనంలోంచే వచ్చిన ఫీల్డ్ ఆఫీసర్లు పనిచేశారు. ఇక్కడ ఆ పని చేయగల మనిషి లోపలి గదిలో ఉంది. ఆమె మొదటి టేబుల్ దగ్గరే ఉండాలి. ఒక స్టారు తగ్గించింది అందుకే. బోర్డులు కన్నడంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు: 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం ఉచితం. ఇన్‌కమ్ సర్టిఫికెట్ లేదని వెనక్కి రావద్దు. అగ్రిమెంటు, డబ్బు పంపిన ఫోన్ స్క్రీన్‌షాట్లు, గోడ ఫొటోలు తీసుకెళ్లండి. మాకు జిరాక్సు తప్ప ఖర్చు కాలేదు. ఫోన్‌లో అడగాలంటే 15100.

రాజీ మాటలకు పిలిస్తే ఓనరు మొదటి తేదీకి రాలేదు, రెండోసారి వచ్చాడు. ఒక నెల బాకీ పోను 36,000కు ఒప్పందమైంది, రెండు విడతలు. అది లోక్ అదాలత్ అవార్డుగా, అంటే తీర్పుగా వస్తే సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సంతకం పెట్టేముందు అక్క ఆ కాగితం మళ్లీ మొదట్నుంచి చదవమంది. చదివాక, "ఇరవయ్యో తేదీకి ఇయ్యకపోతే నేను ఎవరి దగ్గరికి రావల్ల?" అని అడిగింది. ఆ అమ్మాయి కాపీ వెనకాల ఆఫీసు నంబరు రాసిచ్చింది. మొదటి 18,000 పంతొమ్మిదో తేదీన వచ్చింది.