బడి బ్యాండా, డ్రమ్ కోర్ సారథ్యమా?

అమెరికాలో కవాతు సంగీతం నేర్పడమే వృత్తిగా ఎంచుకునేవారి ముందు రెండు దారులున్నాయి. ప్రభుత్వ హైస్కూలులో బ్యాండ్ డైరెక్టర్ కావాలంటే డిగ్రీతోపాటు రాష్ట్రం ఇచ్చే బోధనా లైసెన్సు ఉండాలి. ప్రతిగా స్థిరమైన జీతం, తొమ్మిదో తరగతిలో తడబడుతూ ట్రంపెట్ పట్టిన పిల్లవాణ్ణి నాలుగేళ్లపాటు దగ్గరుండి తీర్చిదిద్దే భాగ్యం దక్కుతాయి. రెండో దారి డ్రమ్ కోర్, అంటే బడితో సంబంధం లేకుండా ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములతో కవాతు చేసే యువ బృందం. 1972లో తొలి ఛాంపియన్‌షిప్ జరిపిన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ పోటీల్లో పాల్గొనే ఈ బృందాలలోనైతే, ఆడిషన్‌లో నెగ్గిన యువతీయువకులు వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, బడి వ్యాయామశాలల నేలపై పడుకుంటూ, లయను చూపే మెట్రొనోమ్ పరికరం టకటకలకు అడుగు కలుపుతూ ఒకే ప్రదర్శనను ఎండలో గంటల తరబడి సాన పడతారు. అంతటి ఏకాగ్రత బడిలో దొరకదు. అయితే కోర్ శిక్షకులకు పని చాలావరకు వేసవిలోనే. కోర్‌ను నడిపే డైరెక్టరుకేమో విరాళాలు, బస్సులు, భోజనాలు, పిల్లల ఆరోగ్యం ఏడాది పొడవునా తప్పని బాధ్యతలు. అందుకే ముందు బడి ఉద్యోగంలో కుదురుకుని, వేసవి సెలవుల్లో కోర్‌లో నేర్పడమే కొత్తవారికి మేలని నా అభిప్రాయం.