ఆరేళ్లుగా రోజూ ఊదుతున్న పీక్ ఫ్లో మీటర్

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్‌లో ఆ ఘాటు బట్టలకు పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాక రెండేళ్లు సిరప్‌లు తాగాను. ఎవరూ ఊదించి చూడలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. చివరికి ఒకచోట ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండా గాలి పీల్చి, లోపల ఇక ఏమీ మిగల్లేదనేదాకా ఊదమన్నారు. గాలిగొట్టాలు తెరిచే మందు సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి, మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో వచ్చే గాలి 2.10 లీటర్ల నుంచి 2.44కి పెరిగింది. ఆ పెరుగుదల 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటితే మూసుకున్న గాలిగొట్టాలు మందుకు తెరుచుకుంటున్నట్టే. నాది ఉబ్బసం అని అలా తేలింది.

నాన్నకూ అదే పరీక్ష చేయించాను. నలభై ఏళ్లు చుట్ట తాగిన మనిషి. ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చింది 52 శాతమే, మందు పీల్చాక కూడా అంతే. మందు తర్వాతా అది 70 లోపే ఉండి, ఆయాసం, పొగ అలవాటు కూడా ఉంటే సీఓపీడీ అంటారు, అంటే గాలిగొట్టాలు ఇరుకైపోయి మందుకు పూర్తిగా తెరుచుకోని జబ్బు. ఆయాసం ఇద్దరిదీ ఒకలాగే ఉంటుంది, జబ్బులు మాత్రం వేరు.

ఇంటికి డాక్టరు రాసిచ్చింది పీక్ ఫ్లో మీటర్. బ్యాటరీ లేదు, జానెడు ప్లాస్టిక్ గొట్టం, పక్కన 60 నుంచి 800 దాకా అంకెలు, ఊదితే జరిగే చిన్న ముల్లు. నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి బయటికి తోస్తున్నామో చెబుతుంది. ముల్లు కిందికి దించి, నిలబడి, పెదాలు బిగించి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చినది రాసుకోవాలి, సగటు కాదు. బాగున్న రోజుల్లో నా బెస్ట్ 480. అందులో 80 శాతం, అంటే 384 పైన ఉంటే ఆకుపచ్చ, బాగున్నట్టు. సగం, అంటే 240 లోపు పడితే ఎరుపు, ఇన్‌హేలర్ పీల్చి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మధ్యలో పసుపు. పసుపులో ఏ మందు ఎంత పెంచాలో డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం లేకపోతే అంకె తెలిసీ ఏం చేయాలో తోచదు.

దీని విలువ మూడో ఏడు మార్చిలో తెలిసింది. కూతల్లేవు, దగ్గు లేదు, మామూలుగా పనికి వెళ్తున్నాను. నోటుబుక్కులో పొద్దుటి అంకెలు మాత్రం 460, 430, 390, 350. సాయంత్రానికి కాస్త కోలుకుని తెల్లారేసరికి మళ్లీ పడిపోతున్నాయి. ఉబ్బసం ముదురుతోందంటే ఇలాగే ఉంటుంది. ఫోన్ చేసి, మందు పెంచుకుని, వారంలో గాడిన పడ్డాను. మీటర్ కొనకముందు ఒక ఏడాది ఇదే సీజన్‌లో అర్ధరాత్రి నెబ్యులైజర్ కోసం పరుగెత్తాం. మెల్లగా తగ్గే ఊపిరికి ఒళ్లు అలవాటు పడిపోతుంది, ముల్లు అలవాటు పడదు.

లోపాలూ చెప్పాలి. దుమ్ము చేరితే ముల్లు పట్టేస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. బుగ్గల్లోంచి ఉమ్మినట్టు ఊదితే అంకె ఊరికే పెరుగుతుంది. మా అబ్బాయి సరదాకి అలాగే 600 కొట్టాడు. నాన్నకైతే ఇది పెద్దగా పనికిరాలేదు. సీఓపీడీలో అసలు నష్టాన్ని ఇది తక్కువ చేసి చూపించవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో అంకె బాగానే కనిపించవచ్చు. వాటికి స్పైరోమెట్రీయే గతి.

పోయిన నెల స్ప్రింగు వదులైందనిపించి కొత్తది కొన్నాను. ఒకే పూట పాతదానిలో 470, కొత్తదానిలో 440. టెన్షన్ పడ్డాను గానీ, మీటరుకీ మీటరుకీ ఆ మాత్రం తేడా మామూలేనట. రెండు వారాలు రోజూ ఊది, కొత్తదాని బెస్ట్ 450 అని తేల్చుకుని, డాక్టరు దగ్గర రంగుల హద్దులు మళ్లీ రాయించుకున్నాను. ఇప్పుడు నా పసుపు 360 దగ్గర మొదలవుతుంది, ఎరుపు 225 దగ్గర.