బుడమేరు దగ్గర ఇల్లు: మెరక వేయాలా, స్టిల్ట్ ఎత్తాలా, వేరేచోటు చూసుకోవాలా?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచిన తర్వాత, నా దగ్గరికి ఇంటి ప్లాన్ గీయించుకోవడానికి వచ్చేవాళ్ల మొదటి ప్రశ్న మారిపోయింది. అంతకుముందు "ఎన్ని ఫ్లోర్లు వస్తాయండీ?" అనేవాళ్లు. ఇప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట వైపు స్థలం ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చోకముందే "ఎంత ఎత్తు లేపమంటారు?" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అప్రూవల్ కోసం పెట్టే కాగితాల్లో ఎక్కడ వెతికినా దానికి జవాబు దొరకదు.

మన దగ్గర ముంపు ప్రాంతంలో ఇల్లు కట్టడానికంటూ విడిగా పర్మిషన్ లేదు. మామూలు బిల్డింగ్ పర్మిషనే. పక్కన నదో చెరువో వాగో ఉంటే, దానికి ఎంత దూరం వదిలారో అదనంగా చూస్తారు. 2017 నాటి ఏపీ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నదికి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు వదలాలి. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. వాగు, కాలువ, వాననీటి డ్రెయిను 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. అసలు నది హద్దు ఎక్కడుందో తేల్చి చెప్పాల్సింది జలవనరుల శాఖ, రెవెన్యూ వాళ్లు. ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) అని మనం తిరిగేది అందుకే.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. వాగు పక్కన ఇలా వదిలిన జాగాను (బఫర్) ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) లెక్కలో కలుపుకోనివ్వరు. 40 అడుగుల లోతున్న ప్లాటు వెనక పెద్ద వాగు ఉందనుకోండి. 9 మీటర్లంటే దాదాపు 30 అడుగులు. మిగిలే పదడుగుల్లోనే ముందూ వెనకా మళ్లీ ఖాళీ వదలాలి. ఇక కట్టేది ఏముంటుంది, గేటూ వాచ్‌మన్ కుర్చీ తప్ప!

సరే, మీ ప్లాటు బఫర్‌కు చాలా దూరం, కాగితాలన్నీ శుభ్రం అనుకుందాం. 2024లో అలాంటి ఇళ్లు కూడా మునిగాయి. ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడుచోట్ల గండి పడింది. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తే గానీ సెప్టెంబరు 7 నాటికి ఆ గండ్లు పూడలేదు. సరిగ్గా అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తింది. బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. నదిలో అంత నీరుంటే డైవర్షన్ కాలువ నీళ్లు అందులో కలవవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఎగదన్నిన నీళ్లు పల్లం వెతుక్కుంటూ వాగుకు దూరంగా ఉన్న వీధుల్లోకి వచ్చి కూర్చున్నాయి. నిబంధన దూరాన్ని కొలుస్తుంది, నీళ్లు మట్టం చూసుకుని వస్తాయి. మన ఇబ్బంది అంతా ఇక్కడే.

అమెరికాలో ఈ పని మరోలా చేస్తారు. వరద మ్యాపులో పడ్డ స్థలానికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఏ సంవత్సరమైనా 1 శాతం అవకాశం ఉన్న వరద ఎంత మట్టానికి వస్తుందో ముందే లెక్కగట్టి పెడతారు. ఇంట్లో అన్నిటికంటే కింది ఫ్లోరు ఆ మట్టానికైనా, దాని పైకైనా ఉండాలి. ఎంత ఎత్తులో ఉందో సర్వేయరు సర్టిఫికెట్ ఇస్తాడు. 1 శాతమే కదా అని తీసిపారేయకండి. 30 ఏళ్ల హోమ్‌లోన్ కట్టే కాలంలో అలాంటి వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. మనకు వీధివారీగా అలాంటి మట్టం రాసిచ్చేవాళ్లు లేరు కాబట్టి 2024 వరద గోడల మీద వదిలిన బురద గీతనే మన మట్టంగా పెట్టుకోవాలి.

ఆ గీత ఇంకా చాలా గోడల మీద ఉంది. పైన రంగు వేసినా తేలి కనిపిస్తుంది. మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు ఉంటుంది, సన్నటి పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపింది. ఒక కొస పక్కింటి గోడ మీద గీత దగ్గర పట్టుకుని, రెండో కొస మీ స్థలం మూలలో పాతిన కర్ర దగ్గరికి తెచ్చి, నీళ్లు నిలిచిన చోట సుద్దతో గీయమనండి. అయిదు నిమిషాల పని. ఆ సుద్ద గీత రోడ్డు నడిమి కంటే ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే మీకు కావాల్సిన ఎత్తు చేతికొస్తుంది. రోడ్డు నుంచే ఎందుకంటే, సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు పోసిన ప్రతిసారీ పాత ఇళ్లు కిందికి దిగిపోతున్నాయి. రేపు పోయబోయే రోడ్డుకు ఇంకో అడుగు ఇప్పుడే కలుపుకోండి. జాతీయ భవన కోడ్ ప్లింత్‌కు (ఇంటి నేల మట్టానికి) చెప్పే కనీస ఎత్తు 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర. మామూలు వానకు అది సరిపోతుంది. నాలుగడుగుల గీత ఉన్న వీధిలో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మెరక వేసి కట్టడం

అందరికీ మొదట తోచేది ఇదే. ఖర్చు తక్కువనుకుంటారు గానీ లెక్క వేస్తే అంత తక్కువేం కాదు. 200 గజాల స్థలం మొత్తాన్ని నాలుగడుగులు లేపాలంటే 1800 చదరపు అడుగులు ఇంటూ నాలుగు, 7200 ఘనపుటడుగులు. అంటే, యూనిట్‌కు 100 ఘనపుటడుగుల లెక్కన, 72 యూనిట్ల మట్టి. నీళ్లు కొట్టి దిమ్మిస వేస్తే అణుగుతుంది కాబట్టి 90 యూనిట్ల దాకా తోలించాలి. ఆ మట్టి తోపుకు మామూలు ప్రహరీ ఆగదు, అడుగున గట్టి గోడ కట్టాలి. పొరలు పొరలుగా అణచకుండా ఒకేసారి పోసేసి మీద గచ్చు వేస్తే, రెండో వానాకాలానికే టైల్స్ కింద డొల్ల మోగుతుంది. అడుగున నల్లమట్టి ఉంటే అది ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది. పునాది ఆ పొర దాటి దిగాలి, చాలాచోట్ల అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుగా దింపి, అడుగున ఉబ్బెత్తుగా పోసే పునాది స్తంభాలు) తప్పవు.

డబ్బు ఎలాగోలా సర్దుకోవచ్చు. ఇరుగుపొరుగుతో వచ్చే తగాదా సర్దుకోదు. మీ స్థలం నాలుగడుగులు లేస్తే మీ వాన నీళ్లు పక్కింట్లోకే పోతాయి. వీధిలో నలుగురు మెరక వేస్తే అయిదో ఇల్లు చెరువవుతుంది. ఆ అయిదో ఇంటి పెద్దాయన కార్పొరేషన్‌లో అర్జీ పెడితే తప్పుపట్టలేం. అందుకే, మెరకే వేయాలనుకుంటే ఇల్లు వచ్చే భాగం మాత్రమే లేపండి. చుట్టూ వదిలిన సెట్‌బ్యాక్‌ను రోడ్డు మట్టానికే ఉంచి, డ్రెయిను వైపు వాలు ఇవ్వండి. మట్టి తగ్గుతుంది, మాటా దక్కుతుంది.

ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఈ పద్ధతికి ఒక మంచి గుణం ఉంది. నాలుగడుగులంటే ఏడెనిమిది మెట్లు, పక్కన చేత్తో పట్టుకునే కడ్డీ పెడితే ఎక్కగలరు. కానీ గీత నాలుగడుగులు దాటిన వీధుల్లో మెరక మాట నేను ఎత్తను.

స్టిల్ట్

కింద స్తంభాలు, పార్కింగ్. మొదటి స్లాబు మీద నుంచి ఇల్లు. నీళ్లొస్తే కింది నుంచి వచ్చి కింది నుంచే పోతాయి, పక్కింటివాళ్లకూ నష్టం లేదు. 2024లో ప్రభుత్వం ఇచ్చిన సాయం చూసినా తేడా తెలుస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవాళ్లకు 10 వేలు. అసలు నష్టంలో తేడా అంతకు ఎన్నో రెట్లు. బీరువాలు, మంచాలు, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోయినవి కింద ఉన్నవాళ్లవే.

పర్మిషన్ సంగతికి వస్తే, స్టిల్ట్ వస్తుందా రాదా, ఎన్ని అంతస్తులు వస్తాయి అన్నది స్థలం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డును బట్టి ఉంటుంది. చిన్న ప్లాట్లకు కష్టం. ఎల్‌టీపీ (ప్లాన్ గీసి పెట్టడానికి లైసెన్సున్న నిపుణుడు) దగ్గర డ్రాయింగ్ మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోండి. వచ్చినా దాన్ని పార్కింగ్‌కే వాడాలి. అప్రూవల్ అయ్యాక నాలుగు గోడలు లేపి పోర్షన్ చేసి అద్దెకిచ్చేవాళ్లను ఈ ఊళ్లో వీధికొకరిని చూపించగలను. అది ఉల్లంఘన, ఇంట్లో చేరడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర దొరికిపోతారు. దానికంటే ఘోరం, వరదలో మొదట మునిగేది ఆ అద్దెవాళ్లే. వాచ్‌మన్ కుటుంబానికి స్టిల్ట్‌లో గది వేసే అలవాటుకూ ఇదే మాట వర్తిస్తుంది. వాళ్లకు పైన మెట్ల గది పక్కన చోటు చూపించండి.

ఇంజనీరు ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. గోడల్లేని కింది అంతస్తు భూకంపానికి బలహీనం. 2016 నాటి ఐఎస్ 1893 భూకంప కోడ్ లెక్కన విజయవాడ, ముప్పు ఓ మోస్తరుగా ఉండే జోన్ 3లో ఉంది. "పక్క బిల్డింగ్‌కు వేసిన కొలతలే వేసేద్దాం సార్" అనే మేస్త్రీ మాట స్టిల్ట్ స్తంభాల విషయంలో అస్సలు వినకండి.

ఇంకోటి. ఆ వరద వారంలో మూడో అంతస్తులో ఉన్నవాళ్లు కూడా కరెంటు, తాగునీళ్లు లేక పడవ కోసం బాల్కనీలో నిలబడ్డారంటే కారణం కింద ఉంది. మీటర్ బోర్డు, మోటారు స్టార్టరు, లిఫ్టు ప్యానెల్, సంపు మూత అన్నీ స్టిల్ట్ నేల మట్టానికే పెట్టేస్తున్నాం. మీటర్లను సుద్ద గీతకు పైన పెట్టడానికి వీలవుతుందేమో విద్యుత్ శాఖ వాళ్లతో వైరింగ్‌కు ముందే మాట్లాడండి. సంపు మూతను గట్టు కట్టి లేపండి. సెప్టిక్ ట్యాంకు లైనుకు నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టించండి. ఇవి చేయని స్టిల్ట్ ఇల్లు సగం ఇల్లే.

వేరేచోటు

స్థలం ఇప్పటికే ఉన్నవాళ్లకు ఈ సలహా చెప్పడం తేలిక, పాటించడం కష్టం. పిల్లల స్కూలు, దుకాణం, నలభై ఏళ్ల పరిచయాలు వదిలి ఎవరు పోతారు? కొత్తగా కొనేవాళ్లతోనే నా మాట.

కృష్ణా నది ఒడ్డున కృష్ణలంక వైపు చూస్తున్నవాళ్లకు నదికి అడ్డంగా కాకుండా ఒడ్డు వెంట కట్టిన రిటైనింగ్ గోడ పెద్ద ధైర్యం. 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినా తారకరామనగర్, రాణిగారితోట వైపు ఇళ్లు చాలావరకు నిలబడ్డాయంటే ఆ గోడ చలవే. అయితే గోడ ఉందని నది బఫర్ పోదు, ఆ కాగితం చూపించాల్సిందే. కృష్ణ దాటి గుంటూరు జిల్లా వైపు వెళ్తే ఉండవల్లి, నీరుకొండ పక్క కొండవీటి వాగు ఉంది. ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు కృష్ణలోకి ఎత్తిపోసే పథకం 2018 నుంచి ఉంది. పంపులు పెట్టాల్సి వచ్చిందంటేనే అది పల్లం అని అర్థం చేసుకోవాలి. ఊరు మారినంత మాత్రాన ప్రశ్న మారదు, లెవెల్ పైపు అక్కడికీ తీసుకెళ్లాలి.

బుడమేరు గట్టును ఆనుకుని తక్కువకు వస్తున్నాయంటున్న ప్లాట్లు మాత్రం ఏ ధరకైనా వద్దు. ఆక్రమణలు తీసేసి వాగును వెడల్పు చేస్తామని ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు ప్రకటించింది. కొలతలు మళ్లీ వేస్తే హద్దు రాయి ఎవరి ప్లాటులో పడుతుందో చెప్పలేం. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదండీ" అంటారు. రిజిస్ట్రేషన్ అంటే అమ్మిన మనిషి కొన్న మనిషికి రాసిచ్చిన కాగితం, కట్టుకోమని ఎవరూ చెప్పినట్టు కాదు. సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) తీయించండి, అందులో వాగు పోరంబోకు మీ ప్లాటుకు ఎంత దగ్గరగా ఉందో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా కూడా చూడండి. తర్వాత బీపీఎస్‌లో (అక్రమ కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం) సరిచేయించుకుందాం అనే ఆశ ఇక్కడ పనిచేయదు. నీటి వనరుల పరిధిలో ఉన్నవాటికి ఆ తలుపు మూసే ఉంటుంది.

మరి ఏది మేలు?

గీత నాలుగడుగుల లోపు, స్థలం చిన్నది, ఉండేది మీరొక్కరే అయితే ఇంటి భాగం వరకు మెరక. వంటిల్లు, పూజగది కింద ఉన్నా పర్వాలేదు గానీ ముఖ్యమైన కాగితాలు, బియ్యం నిల్వ పైగదిలో ఉండాలి. గీత అంతకు మించి, స్టిల్ట్‌కు స్థలం సరిపోతే ఇంకో ఆలోచన లేకుండా స్టిల్ట్. గీత ఎక్కువ, స్టిల్ట్ రాదు అన్నప్పుడే చిక్కు. ఇంకా కొనకపోతే కొనకండి. కొనేసి ఉంటే కింద దుకాణమో గోడౌనో పెట్టకుండా వీలైనంత ఖాళీగా ఉంచి, కాపురం మొదటి అంతస్తులో పెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

ఏది కట్టినా బీమా చేయించండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి, అందులో వరద ముంపు కూడా ఉంది. బ్యాంకు లోన్‌తో అంటగట్టిన పాలసీ ఇంటికా, అప్పుకా అన్నది మాత్రం విప్పి చదువుకోండి.

కొత్తగా కొంటున్నవాళ్లు బయానా ఇచ్చే రోజు అగ్రిమెంట్‌లో ఒక్క వాక్యం రాయించుకోవాలి: జలవనరుల శాఖ, రెవెన్యూ వాళ్ల నుంచి హద్దు కాగితం రాకపోయినా, ప్లాటులో కొంత భాగం బఫర్‌లో పడినా బయానా మొత్తం తిరిగివ్వాలని. అమ్మేవాళ్లు "ఎందుకండీ అదంతా, నమ్మకం లేదా" అని నొచ్చుకుంటే, బయానా కవరు జేబులోంచి తీయకండి.