రెండు రోజుల ఫీడ్‌బ్యాక్ శిక్షణ: మొదటి రోజు మేలు, రెండో రోజు రంగుల బ్యాడ్జీలు

మిర్యాలగూడలోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో పదకొండేళ్లుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. ఏటా దసరాకు ముందు సిబ్బందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వారి పనితీరు గురించి మాట్లాడే బాధ్యత నాది కనుక, నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలోని ఒక హాలులో జరిగిన రెండు రోజుల శిక్షణకు మా యజమాని నన్ను పంపించారు. మధ్యాహ్న భోజనంతో కలిపి మనిషికి 3,500 రూపాయలు తీసుకున్నారు. పనితీరులోని మంచిచెడ్డలను ఎవరి స్వభావానికి తగినట్టు వారికి ఎలా చెప్పాలన్నదే అక్కడ బోధించిన విషయం. మెచ్చుకోవడంతో పాటు కొన్ని లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి నిర్వాహకుల పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

మొదటి రోజు చాలా బాగా సాగింది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త టోరీ హిగ్గిన్స్ 1997లో వివరించిన సిద్ధాంతాన్ని శిక్షకుడు తెర మీద బొమ్మలేవీ చూపకుండా, మార్కెట్ యార్డులో నిలబడ్డ ఇద్దరు పత్తి రైతులను ఉదాహరణగా తీసుకుని చెప్పారు. ధర ఇంకా పెరుగుతుందని బస్తాలు దించకుండా ఆగే రైతు ఒకరు. మబ్బు పట్టగానే తడిసిపోతుందేమోనని ఆ పూటే అమ్ముకుని ఇంటికి వెళ్లే రైతు ఇంకొకరు. మొదటివారిని నడిపించేది ఎదగాలన్న కోరిక, రెండోవారిని నడిపించేది నష్టం రాకూడదన్న జాగ్రత్త. ఎదుగుదల వైపు చూసేవారికి మెప్పు ఊపునిస్తుందని, విమర్శ వారిని నీరుగారుస్తుందని, జాగ్రత్త వైపు చూసేవారికి మాత్రం పొరపాటును చూపిస్తేనే పట్టుదల పెరుగుతుందని, మెచ్చుకుంటే గండం గడిచిందనుకుని పట్టు సడలిస్తారని ఆయన వివరించారు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో పాత అధ్యయనాల నుంచి 607 ఫలితాలను పోగుచేసి చూస్తే, ఫీడ్‌బ్యాక్ వల్ల సగటున పనితీరు మెరుగుపడినా మూడో వంతుకు పైగా సందర్భాల్లో అది తగ్గిందన్న సంగతి కూడా చెప్పారు. అది విన్నప్పుడు హాలులో ఉన్న మేనేజర్లందరం కాసేపు మాట్లాడలేదు, ఎందుకంటే చెప్పడమే చాలుననుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చినవాళ్లమే.

ఈ బోధన వల్ల నాకు నిజంగా ఉపయోగం కలిగిందా అంటే కలిగింది. మా బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయనను నిరుడు అందరి ముందు మెచ్చుకుంటే, ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ పక్కకు చూశారే తప్ప ఒక్క మాటా మాట్లాడలేదు. ఈసారి శిక్షణ నుంచి వచ్చాక ఆయన షిఫ్టు పుస్తకాన్ని ముందు పెట్టి, వడ్లు నానబెట్టే ట్యాంకులో నీటి వేడి ఎంతో రాయవలసిన గడి మూడు రాత్రులు వరుసగా ఖాళీగా ఉన్న పేజీ తెరిచి చూపించాను. నీరు ఎక్కువ వేడెక్కినా, ఆవిరి ఎక్కువైనా బియ్యం రంగు తిరిగి, ఆ భారమంతా రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రం మీద పడుతుందన్నది ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆయన ఆ గడుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసి, "రాసుడు మర్చిపోయిన సార్, సూసుడు మాత్రం మర్వలే" అన్నారు. ఆ రోజు నుంచి ఆ పుస్తకంలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

ఇక రెండో రోజు సంగతి. పదకొండు ప్రశ్నల కాగితం ఒకటి పంచి, జవాబులను బట్టి ఎదుగుదల వారికి ఆకుపచ్చ బ్యాడ్జీ, జాగ్రత్త వారికి పసుపుపచ్చ బ్యాడ్జీ పెట్టారు. నాకు పసుపు వచ్చింది. ప్రశ్నలను ఎవరో ఇంగ్లీషు నుంచి మాటకు మాట తెలుగులో పెట్టినట్టున్నారు, చిన్నతనంలో గీత దాటేవారా అని అడిగితే, నా పక్కన కూర్చున్న సూర్యాపేట ఆయన "ఏ గీత?" అని నన్ను అడిగారు. అనువాదం సంగతి సర్దుకోవచ్చు. మనిషికి ఒకసారి రంగు తేలితే ఏ పనిలోనైనా అదే పద్ధతిలో మాట్లాడాలని బోధించడమే అసలు లోపం. ఇదే రంగంలో పనిచేసిన వాన్ డైక్, క్లూగర్ 2011లో ప్రచురించిన అధ్యయనం చేస్తున్న పని స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది: కొత్తగా ఆలోచించవలసిన పనిలో మెప్పు, తప్పులు పట్టుకోవలసిన పనిలో విమర్శ ఎక్కువ పనిచేస్తాయని అది చెబుతుంది. శిక్షణలో దాని ఊసే లేదు.

హాలియా, నిడమనూరు వైపు తిరిగి మాకు వడ్లు కొనే కుర్రాడి విషయంలో ఈ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, కానీ మా వంటి మిల్లులు పచ్చి వడ్లు కూడా కొంటాయి కనుక తేమను బట్టి ధర కట్టడం చాలా ముఖ్యం. నిరుడు అతను మీటరు పెట్టకుండా చేత్తో పట్టి చూసి ధర చెప్పేశాడని నేను గట్టిగా మందలిస్తే, కొత్త ఊళ్లకు వెళ్లడమే మానేశాడు. ఈసారి అతను తెచ్చిన మంచి లోడ్లతో మాట మొదలుపెట్టి, అటువంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయని అడిగితే, ఆ వారంలోనే రెండు కొత్త ఊళ్ల రైతులతో మాట్లాడి వచ్చాడు. అంతవరకు ఆకుపచ్చ బ్యాడ్జీ సరిపోయింది. అదే కుర్రాడు కాటా దగ్గర చీటీలు రాసేటప్పుడు కూడా మెత్తగా మెచ్చుకుంటూ చెప్పి చూస్తే, లారీ నంబరు తప్పుగా రాసిన చీటీలు మళ్లీ వచ్చాయి. చివరకు తప్పు చీటీని బల్ల మీద పెట్టి, ఈ ఒక్క అంకె వల్ల రైతు డబ్బు ఎన్ని రోజులు ఆగిందో సూటిగా చెప్పాకే ఆ పొరపాటు తగ్గింది. కాటా దగ్గర కూర్చున్నప్పుడు ఎవరికైనా కావలసింది జాగ్రత్తే. ఇటువంటి సందర్భంలో ఏం చేయాలని నేను రెండో రోజు సాయంత్రమే శిక్షకుణ్ణి అడిగాను కానీ, ముందు రంగు చూసుకోమన్న జవాబు తప్ప మరొకటి రాలేదు.

భోజనం బాగుంది. పంచిన పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉండడం వల్ల మిల్లుల నుంచి, జిన్నింగు నుంచి వచ్చినవారికి అది అక్కరకు రాలేదు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి ఎలా సాగుతోందో కనుక్కుంటామని ఫీజు తీసుకునేటప్పుడు చెప్పారు. ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది, ఫోన్ రాలేదు. పది మందికి పైగా సిబ్బందితో రోజూ మాట్లాడవలసినవారికి మొదటి రోజు శిక్షణ తప్పక సిఫారసు చేస్తాను. అడిగితే 2,000 రూపాయలకు ఆ ఒక్క రోజుకే చేర్చుకుంటున్నారని తర్వాత తెలిసింది. వెళ్లేవారు ముందే అడగడం మంచిది.